రెండువందల పన్నెండో పేజీ

కెనడాలోని విన్నిపెగ్‌లో ఎల్ఫ్రీడా పెనర్ ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న పని ఒకటే. ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పదసూచిక తయారుచేసి పుస్తకం చివర చేర్చడం. నీతిశాస్త్రం పుస్తకాలన్నీ ప్రచురణ సంస్థ వాళ్లు ఆమెకే పంపేవారు. మనిషి ఎలా బతకాలి, అబద్ధం ఎప్పుడు ఆడొచ్చు అని పండితులు రాసిన నూట నలభై పుస్తకాలు ఆమె చేతిమీదుగా వెళ్లాయి. వాళ్లలో చెప్పిన రోజుకి, అచ్చుకి ముందు దిద్దే ప్రూఫులు పంపినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అందరిలోకీ ఆమెను ఎక్కువ విసిగించినవాడు ప్రొఫెసర్ గార్నెట్ హాలిక్. మాట ఇవ్వడం గురించి ఆయన రాసిన పుస్తకమే మూడేళ్లు ఆలస్యమైంది. ప్రూఫులు వచ్చాక కూడా ఆయన కుదురుగా ఉండలేదు. ఆమె పదసూచిక పూర్తిచేసిన ప్రతిసారీ ఎక్కడో ఓ పేరా ఇరికించేవాడు. పేజీలు జరిగేవి. ఆమె మళ్లీ మొదటినుంచీ అంకెలు దిద్దుకునేది.

ఏప్రిల్లో ముచ్చటగా మూడోసారి ప్రూఫులు వచ్చాయి. ఎల్ఫ్రీడా వాటిని వంటింటి బల్ల మీద పరుచుకుని, నిన్నటి వరెనికి కుడుములు పెనం మీద వేడిచేసుకుని తింటూ, పెన్సిలుతో గీతలు పెడుతోంది. రెండువందల పన్నెండో పేజీలో పెన్సిలు ఆగిపోయింది.

ఒక స్త్రీ ఉందట. ఆమె అక్క చనిపోతూ, తన డైరీలు పన్నెండూ చదవకుండా తగలబెట్టమందట. ఆమె అలాగే చేసిందట. పోయినవాళ్లకి దానివల్ల ఒరిగేదేమీ లేదు కాబట్టి, మాటకు గుడ్డిగా కట్టుబడటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదట.

ఫిబ్రవరిలో ఆయన ఫోన్ చేసి, ఏమిటి గొంతు అలా ఉందని అడిగాడు. తన అక్క హెల్గా పోయి అప్పటికి నెల కాలేదు. పెరట్లో ఇనప డబ్బాలో డైరీలు కాల్చి మూడు రోజులైంది. ఎవరితోనూ అనని సంగతి ఆ పూట ఆయనతో అనేసింది. ఆయన ఎంతో మర్యాదగా విన్నాడు. ఎందుకు విన్నాడో ఇప్పుడు అర్థమైంది.

ఒంటికి కారం రాసుకున్నట్టు మండింది. అయితే మంటంతా ఆయన దొంగతనం వల్లే కాదు. ఆఖరి డైరీ మంటలో వేసేముందు ఎల్ఫ్రీడా దాన్ని తెరిచింది. ఒక్క వాక్యం చదివింది. ‘ఎల్ఫీ వచ్చింది, పొద్దుటినుంచీ గిన్నెల్ని తిడుతూనే ఉంది, ఇల్లు ఇల్లులా ఉంది.’ అంతే, మూసేసి మంటలో పడేసింది. మాట తప్పింది తను. ఆయనేమో తనని మాటకు గుడ్డిగా కట్టుబడినదాన్ని చేసి కూర్చోబెట్టాడు.

వెంటనే ఫోన్ చేసింది.

“ప్రొఫెసర్ గారూ, రెండువందల పన్నెండో పేజీ తియ్యండి.”

“ఓ, అదా. మీ పేరు ఎక్కడా రాయలేదే.”

“పేరు లేదు సరే. డైరీలు పన్నెండే ఉన్నాయి కదా. పదకొండు చెయ్యడానిక్కూడా బద్ధకమేనా?”

“ఎల్ఫ్రీడా గారూ, తాత్వికంగా చూస్తే ఆ ఉదాహరణ చాలా...”

“ఎనభై ఎనిమిదో పేజీ తియ్యండి, చదివి వినిపిస్తాను. ‘ఎదుటి మనిషిని వాడుకునే ముందు ఆ మనిషిని అడగాలి.’ దీని మీద పది పేజీలు రాశారు మీరు. పదసూచికలో ‘అనుమతి’ కింద నేనే ఎక్కించాను. నన్ను అడిగారా?”

అవతల పేజీలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

“అడగలేదు,” అన్నాడాయన చివరికి. “తప్పే. కానీ ఇప్పుడు తీసేస్తే పేజీలన్నీ జరుగుతాయి.”

“ఆ మాట మీరు నాకు చెబుతున్నారా? అది ముప్పై ఒక్క లైన్లు. సరిగ్గా ముప్పై ఒక్క లైన్లలో ఇంకోటి రాసివ్వండి. ఈసారి మీ ఇంట్లోది వెతుక్కోండి.”

తొమ్మిది రోజులకి వచ్చింది. కొడుకు పెళ్లికి వస్తానని మాటిచ్చి, ఏదో సదస్సులో ఉపన్యాసం ఉందని మానేసిన తండ్రి గురించి. ఆ సదస్సు దేనిమీదో కూడా రాశాడు: మాట ఇవ్వడం మీద. ఎల్ఫ్రీడా రెండుసార్లు చదివింది. మనసు కాస్త మెత్తబడబోయింది. లైన్లు లెక్కపెట్టింది. ముప్పై నాలుగు.

“మూడు ఎక్కువున్నాయి,” అంది ఫోన్లో.

“ఆ చివరివి ముఖ్యం. అక్కడ ఆ తండ్రిని సమర్థిస్తూ...”

“అవే తియ్యండి. మీ అబ్బాయిని అడిగారా?”

“అడిగాను. రాసుకో నాన్నా, కనీసం పుస్తకంలోనైనా నా పెళ్లికి వచ్చినట్టుంటుంది అన్నాడు.”

ఎల్ఫ్రీడా పెన్సిలు కింద పెట్టింది. “సరే, సాయంత్రానికి పంపండి,” అని పెట్టేసింది. ఆయన మర్నాడు మధ్యాహ్నం పంపాడు.

పుస్తకం సెప్టెంబరులో వచ్చింది. కృతజ్ఞతల్లో ఆమె పేరు ఉంది, అక్షరం తప్పుతో. నవంబరులో ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. క్షమించడం మీద ఇంకో పుస్తకం రాస్తున్నాడట, పదసూచిక ఆమే చెయ్యాలట.

“చేస్తాను. కానీ పని సంగతి తప్ప ఇంకోటి మాట్లాడకూడదు. నేను ఎలా ఉన్నానని అడగకూడదు.”

“మాటిస్తున్నాను,” అన్నాడు. ఓ క్షణం ఆగి, “మీకక్కడ మంచు మొదలైందా? ఆరోగ్యం అదీ బాగుందా?” అన్నాడు.

ఎల్ఫ్రీడా కళ్లు మూసుకుని, “ప్రూఫులు ఎప్పుడు పంపుతారు?” అంది.