సగం రాసిన లెక్కల పరీక్ష

నాలుగో ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి, చదువుతుండగా నా చదువు ఆగిపోయింది. మా నాయన రైల్వేలో గ్యాంగుమన్. మేముండేది బేతంచెర్లలో, హైస్కూలేమో ద్రోణాచలంలో. ఇప్పుడందరూ డోన్ అంటున్న ఊరే అది. రైల్వేవాళ్ల పిల్లలకిచ్చే పాసుతో పొద్దున ప్యాసింజరులో పోయి సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. ఒక ఎండాకాలం నాయన పట్టాల మీద పనిచేస్తూ వడదెబ్బ తగిలి పడిపోయాడు. ఇంటికి మోసుకొచ్చేసరికే ప్రాణం లేదు. ఆయనతోపాటు పాసూ పోయింది, రైల్వే ఇల్లూ పోయింది. సెలవులై బడి తెరిచేనాటికి అమ్మా నేనూ నాపరాళ్ల గనుల దగ్గర రాతిముక్కలు ఎత్తిపోసే పనిలో ఉన్నాం. బడి మానేయమని నాకెవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమే రాలేదు.

అదే గనుల్లో రాయి కొట్టే మనిషితో నాకు పెళ్లయింది. మాట తక్కువ మనిషి, మంచివాడు. ఆయనకు తండ్రి లేడు. ఇంట్లో మా అత్త మాటే చెల్లేది. మాకు పాప పుట్టి నడక నేర్చినాక ఒకరోజు గనిలో రాయి జారి ఆయన పాదం మీద పడింది. ఎముకలు నలిగిపోయాయి. నెలల తరబడి మంచంలోనే ఉన్నాడు. పాపను అత్తకు అప్పజెప్పి నేను మళ్లీ తట్ట ఎత్తుకున్నాను.

ఆ రోజుల్లోనే మా ఊరి ఆడపిల్లల బడిలో నేల పరచడానికి రాళ్లు మోసే పని దొరికింది. పక్కగదిలో పంతులమ్మ పాఠం చెబుతోంది. నేను తలమీద బరువుతోనే కిటికీ దగ్గర నిలబడిపోయాను. మేస్త్రీ అరిచాడు. పంతులమ్మ బయటికొచ్చింది. కడప నుంచి వచ్చిన మనిషి, నడివయసు, ఒంటరిగా ఉండేది.

"ఎంతదాకా చదివినావమ్మా?"

"నాలుగో ఫారం."

ఆమె నన్నూ, నా తలమీది రాయినీ చూసి, "సాయంత్రం పనయినంక ఒకసారి నా దగ్గరికి రా" అనింది.

ఆ సాయంత్రం ఆమె నాకొక దారి చెప్పింది. ఆడవాళ్లు బడికి పోకుండానే మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టవచ్చట. అది గట్టెక్కితే కడపలో టీచరు ట్రైనింగు. మా వైపు ఊళ్లలో ఆడటీచర్లు దొరకడం లేదట. ఇంటికొచ్చి చెప్పాను.

"చదువుకో. రాయి మోసేదానికంటే మేలు గదా" అన్నాడు నా భర్త మంచంలోంచే.

అత్త చేటలో కొర్రలు చెరుగుతోంది. చేట ఆగిపోయింది. "బిడ్డతల్లివి, ఇప్పుడు పలక పట్టుకుంటావా? నలుగురూ నవ్వితే నేను యాడ తల పెట్టుకోవల్ల?"

తరువాత ఆమె ఆ విషయం గురించి నాతో నేరుగా మాట్లాడలేదు. గోడతోనో పొయ్యితోనో అనేది. నేను పుస్తకం తెరిస్తే గిన్నెలు చప్పుడయ్యేవి. మధ్యాహ్నం ఆమె కునుకు తీసే వేళ, తెల్లవారి నీళ్లకు పోయేముందు చదివేదాన్ని. తెలుగు, సోషలు నోటికొచ్చేశాయి. ఇంగ్లీషు మెల్లగా పట్టుబడింది. లెక్కలే నన్ను చంపాయి. ఆల్జీబ్రా అంతా మరిచిపోయాను. పంతులమ్మకూ అందులో అంత చేయి తిరగలేదు. ఇద్దరం ఒకే లెక్క మీద తలలు వంచి కూర్చుని, జవాబు పుస్తకంతో కలవక మొహాలు చూసుకునేవాళ్లం.

నా భర్త కుంటుతూనే పనిలోకి తిరిగి పోసాగాడు. రెండో ఏడు ఎండాకాలం మొదట్లో పరీక్షలు వచ్చాయి, కర్నూల్లో. అప్పుడు కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధాని. ఎక్కడ చూసినా గుడారాలు, కొత్త కట్టడాలు, ఆఫీసుల మనుషులు. పాతబస్తీలో మా చిన్నమ్మ ఇంట్లో దిగాను. బయలుదేరిన రోజు పాపకు కొంచెం దగ్గు ఉండింది. నుదురు తాకి చూస్తే చల్లగానే ఉంది. అత్త వాకిట్లోకి రాలేదు.

"పోయొస్తా అత్తా" అంటే లోపలినుంచి "ఊ" అని మాత్రం వినిపించింది.

మొదటి రెండు పరీక్షలూ బాగానే రాశాను. మూడోది లెక్కలు.

ఆ పొద్దున పరీక్ష జరిగే బడి గేటు దగ్గరికి వచ్చేసరికి నాపరాళ్ల లోడుతో ఒక లారీ ఆగి ఉంది. దాని పక్కన నా భర్త స్నేహితుడు నిలబడి ఉన్నాడు. మా వీధి సాయిబుల మనిషి. బేతంచెర్ల రాయిని కర్నూలు కట్టడాలకు తోలేవాడు. నన్ను చెల్లెలి వరుసన పిలిచేవాడు. ఆయన నన్ను చూసి తల గుడ్డ విప్పి చేతిలో నలుపుతూ ముందుకొచ్చాడు.

"ఏమన్నా? ఎవురికేమాయె?"

"పాపకు జరం శానా ఎక్కువుండాది చెల్లెమ్మా. నిన్నట్నుంచి డొక్కలెగరేస్తాంది. మీ ఆయన నిన్ను పిల్చకరమ్మన్యాడు."

"అత్త ఏమనింది?"

ఆయన లారీ వైపు చూశాడు. "ఆయమ్మ నీకు చెప్పనే వొద్దనె. పరిచ్చ అయ్యేదాకా చెవిన ఎయ్యొద్దని కొడుకుతో కొట్లాడె. ఆయప్ప నన్ను పక్కకు పిల్చి చెప్పినాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. నా బిడ్డ ఊపిరాడక అవస్థ పడుతుంటే నాకు చెప్పొద్దంటుందా? రేపు ఏదైనా అయితే, తల్లి పరీక్షలని ఊరేగుతుంటే బిడ్డ ఇట్లా అయిందని వీధంతా చెప్పడానికే కదా? రెండేళ్లుగా గోడతో పొయ్యితో అన్న మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"పదన్నా, పోదాం" అన్నాను.

"రాయి దించకుండా యాడికి పోదుం తల్లీ? ఇంత బరువుతో బండి కదిలేకే సగం దినం అయితాది. కట్టడం ఈ పక్క సందులోనే ఉండాది. బిరబిరా దించిచ్చుకోని వస్తా. రైలు చూస్తామన్నా మద్యానందాకా లేదు. నీవు లోపలికి పోయి కూచో. వచ్చినంక హారను కొడతా."

గంట మోగింది. అందరూ లోపలికి పోతున్నారు. గేటు బయట మట్టిలో కూర్చుని ఏడ్చేకంటే లోపల కూర్చోవడమే నయమనిపించింది. నా చోటు వెతుక్కుని కూర్చున్నాను. చుట్టూ అందరూ నాకంటే చిన్నవాళ్లు, ముందు బెంచీలో ఇద్దరు నవ్వుకుంటున్నారు. ప్రశ్నాపత్రం చేతికొచ్చింది. అక్షరాలు కనబడుతున్నాయి గాని ఒక్కటీ లోపలికి పోలేదు. చెవులు మాత్రం వీధి వైపే ఉన్నాయి. జట్కా గంటలు, పాలవాని కేక, ఎవరో ఎవరినో పిలవడం. ప్రతి చప్పుడుకూ లేచి నిలబడబోయాను.

ఏదో ఒకటి చేయకపోతే పిచ్చెక్కేటట్టుంది. అందుకే కలం తీసి మొదటి లెక్క రాశాను. వడ్డీ లెక్క, తేలికైనది. అది తేలాక రెండోది. చేయి దానంతటదే నడుస్తోంది. పాప డొక్కలెగరేయడం కళ్లముందు కనిపిస్తూనే ఉంది, కింద అంకెలు పడుతూనే ఉన్నాయి.

హారను వినిపించింది.

కాగితాలు మడిచి లేచాను. పర్యవేక్షణకు వచ్చిన పెద్దాయన చేయి అడ్డం పెట్టాడు. "సగం టైము కానిదే బయటికి వదలకూడదమ్మా. రూలు."

"నా బిడ్డకు బాగలేదు సార్. చావుబతుకుల్లో ఉంది."

ఆయన మొహం మారింది. కానీ పక్కకు జరగలేదు. "నేను వదిలితే నా ఉద్యోగం పోతుందమ్మా. ఇంకెంతోసేపు లేదు. కూర్చో తల్లీ."

మళ్లీ కూర్చున్నాను. బయట హారను ఆగి ఆగి మోగుతోంది. ఎవరో నవ్వారు. నేను ఆల్జీబ్రా లెక్క ఒకటి మొదలుపెట్టి రెండు వరుసలు రాసి, మూడో వరుసలో అంతా తారుమారు చేసి, కొట్టేసి మళ్లీ రాశాను. చెమటకు కాగితం మీద సిరా అలుక్కుపోయింది. పెద్దాయన నా దగ్గరికొచ్చి మెల్లగా "ఇప్పుడు పో" అన్నాడు. ఆ లెక్క అక్కడే వదిలేసి పరిగెత్తాను.

ఆ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పలేను. ఇంజను సెగ, బయటి ఎండ, దుమ్ము. వెల్దుర్తి దగ్గర ఇంజన్లో నీళ్లు పోయడానికి ఆగితే ఆ బకెట్టు ఎప్పటికీ నిండదేమో అనిపించింది. ద్రోణాచలం బజారు దాటేటప్పుడు లారీ అన్న "అల్లా ఉండాడు లేమ్మా" అన్నాడు.

ఇల్లు చేరేసరికి వాకిలికి గొళ్లెం పెట్టి ఉంది. లారీలోంచి ఎలా దిగానో తెలియదు. గొళ్లెం పట్టుకుని ఊపుతున్నాను. పక్కింటామె బయటికొచ్చి, "ఆగమ్మే, ఇంట్లో ఎవురూ లేరు. మీ అత్త పాపను భుజానేసుకోని పొద్దున రైలుకే ద్రోణాచలం ఆసుపత్రికి పాయె. నీ మొగుడూ ఎనకాలే కుంటుకుంటా పాయె" అనింది.

మేము ద్రోణాచలం మీదుగానే వచ్చాం. ఆసుపత్రి ముందునుంచే వచ్చాం. నేను అక్కడే గడప మీద కూలబడ్డాను. లారీ అన్న బండి వెనక్కి తిప్పాడు.

ఆసుపత్రి వరండాలో అత్త స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో పాప. నా భర్త అవతల మెట్టు మీద తల వంచుకుని ఉన్నాడు. పాప కదలకుండా ఉంది. అత్త తలెత్తి నన్ను చూసింది.

"పరిచ్చ రాసినావా?"

ఆ క్షణాన ఆ మాట ఏమిటో నాకు అర్థం కాలేదు. పాప మీదికి వంగాను. ఒళ్లు పెనంలా కాలుతోంది. కానీ ఊపిరి ఆడుతోంది.

"సూది ఏసినారు. మల్ల సాయంత్రం ఒగటి ఏస్తారంట. ఇప్పుడే నిద్రబోయింది, కదిలించాకు" అని అత్త మళ్లీ అడిగింది. "రాసినావా లేదా?"

"సగం రాసి వచ్చినా."

"సగమా!" ఆమె గొంతు వరండా అంతా వినిపించింది. కొడుకు వైపు తిరిగింది. "చెప్పొద్దని నీకు చిలక్కి చెప్పినట్ల చెప్పినా గదరా! ఈడ నేను లేనా? నేను సాకలేదా బిడ్డల్ని? ఇది వచ్చి ఏమి చేస్తాది, డాకటరా?"

నేను పాపను నా ఒళ్లోకి తీసుకున్నాను. అత్త చీర భుజమంతా పాప కక్కుకున్న మరకలు. ఉదయం నుంచి ఆమె పచ్చి గంగ ముట్టలేదని తరువాత నర్సు చెప్పింది.

మరునాటికి జ్వరం దిగడం మొదలైంది. పాప నీళ్లడిగింది, ఆపైన బెల్లం అడిగింది. అత్త అప్పుడు ముఖం కడుక్కొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"రేపు ఇంకొగటి ఉండాదంట గదా?"

"లెక్కల్లో పోయింటాది అత్తా. ఇంక రాసి ఏమి లాభం?"

"పోతే పోనీ. తక్కినవి రాయి. బాయికాడ, సంతలో అందరికీ చెప్పుకుంటి నేను, మా కోడలు మెట్రిక్కు రాస్తాండాదని. ఇప్పుడు మద్దెలో లేచొచ్చిందని చెప్పల్నా?"

ఆమె చూపు తిప్పుకుని పాప దుప్పటి సర్దింది.

సాయంత్రం కర్నూలు బండికి నా భర్త నన్ను స్టేషనుకు తీసుకొచ్చాడు. రెండు రోజులుగా నేను ఆయనతో మాట్లాడలేదు. ప్లాట్‌ఫారం మీద ఆయన దెబ్బతిన్న కాలును బెంచీ మీదికి లాక్కుని కూర్చుని, "పాప పోతాదనుకుంటి. నీవు లేనప్పుడు పోతే నీకు నా మొగం ఎట్ల చూపించల్ల?" అన్నాడు. రైలు వచ్చింది. ఎక్కేటప్పుడు ఆయన చేయి ఒకసారి గట్టిగా పట్టుకున్నాను.

మిగిలిన పరీక్షలు రాశాను. లెక్కల్లో తప్పాను. మళ్లీ కట్టి, ఆ సారి రైల్వే గుమాస్తా ఒకాయన దగ్గర ఆల్జీబ్రా మొదటినుంచి నేర్చుకుని, గట్టెక్కాను. కడప ట్రైనింగుకు పోయినప్పుడు పాపను చూసుకోవడానికి అత్త నాతో వచ్చింది. అక్కడి నీళ్లు పడలేదని రోజూ తిట్టుకుంటూ నా చదువయ్యేదాకా ఉండింది. గండికోట దారిలో ఒక చిన్న ఊరిబడిలో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది.

నా భర్త ఆ రోజు నాకు కబురు పంపి మంచిపని చేశాడా లేదా అన్నది మా ఇంట్లో ఎప్పుడూ తేలలేదు. అత్త ఉన్నన్నాళ్లూ ఆయన్ను తప్పుపట్టింది. ఆయనేమో మళ్లీ అట్లాంటిది వస్తే మళ్లీ చెబుతాననేవాడు. ఇద్దరూ నా వైపు చూసేవాళ్లు. నేను లేచి పాపకు అన్నం పెట్టడానికి పోయేదాన్ని.