పగులు వెంట పారిన నది

నా చిన్నప్పుడు మేము తార్నాకలో ఉండేవాళ్ళం. ఆరో తరగతిలో, బడి ఎగ్జిబిషన్‌కు లోతైన నదీలోయను మట్టితో చేసి తెస్తానని అందరి ముందూ గొప్పగా చెయ్యెత్తాను. నీళ్ళు పోస్తే లోయ దానంతటదే తెగుతుందనుకున్నాను. పెరట్లో మట్టి దిమ్మె కట్టి, చెంబుతో పోస్తూనే ఉన్నాను. మూడు రోజులూ అంతే. నీళ్ళు ఎటుపడితే అటు పారి, దిమ్మె బురదై కూలేది. మూడో రోజు చెంబు విసిరికొట్టాను.

పక్కింటి అక్క గోడ మీద నుంచి అంతా చూసింది. ఆమె యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదివేది. "చెప్పులేసుకో, పోదాం" అని నన్ను క్యాంపస్‌లోకి నడిపించుకుపోయి, ఒక పెద్ద బండ ముందు నిలబెట్టింది. బండలో అడ్డంగా తెల్లరాతి చార, దాని మధ్య నుంచి ఒక పగులు. పగులు దగ్గర చార తెగి, జానెడు పక్కకు జరిగి మళ్ళీ మొదలైంది.

"చూసినవా, నేల గిట్ల తెగి జరుగుతది. గాడ రాయి నలిగి మెత్తగైతది. నది దాన్నే పట్టుకొని పోతది. నది ఒక్కతే గంత లోయ తవ్వదు."

విని నాకు ఇంకా ఒళ్ళు మండింది. మూడు రోజుల ముందే చెప్పొచ్చు కదా!

ఆ సాయంత్రం రెండు చెక్కలు పక్కపక్కన పెట్టి, వాటి మీద గులకరాళ్ళు కలిపిన మట్టితో కొత్త దిమ్మె కట్టాం. అక్క ఒక చెక్కను కాస్త జరిపింది. దిమ్మె నిలువునా పగిలింది. పోసిన నీళ్ళు సరిగ్గా ఆ పగులు వెంటే లోతుగా కోసుకుంటూ పోయాయి. నేను గంతేసేలోపే పక్క గట్టు జారి, రాళ్ళూ బురదా కలిసి నా నదిలో పడ్డాయి. ఏడుస్తూ తీసెయ్యబోతే అక్క చెయ్యి పట్టుకుంది.

"ముట్టకు. నిజం లోయల గూడ గిట్లనే అయితది. గట్టి వాన పడితే పక్క కొండలకెల్లి రాళ్ళు, బురద కొట్టుకొస్తయి. జర ఆగి చూడు."

నీళ్ళు రాళ్ళ వెనక నిండి, అంచు దాటి దూకి, ఎదుటి గట్టును కోశాయి. లోయ వెడల్పయింది. నేను అనుకున్నదానికంటే బాగుంది. అది నా పనితనం కాదు, జారిపడ్డ గట్టుది. అదే నా ఉక్రోషం.

ఎగ్జిబిషన్‌లో మా టీచరు "నదిలో ఈ చెత్తేమిటి?" అని రాళ్ళన్నీ ఏరిపారేయించారు. జవాబు తెలిసీ, నా చేతులతో నేనే వాటిని ఏరాను. బహుమతి రాలేదన్న బాధ వారంలో పోయింది. చెప్పలేకపోయానన్న మంట మాత్రం ఇప్పటికీ ఆరలేదు. అందుకే, అరవై దాటిన ఈ వయసులోనూ, నేను కళ్ళారా చూసినదాన్ని ఎవరైనా చెత్త అని తీసిపారేస్తే, "ఆగండి, అది అక్కడెందుకుందో చెప్తాను" అంటాను.