పుట కింద ఒంటరి మాట

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు అన్నీ తెలుసని ఊరంతా నమ్మేది. కూర్చున్నవాళ్లు ఇంకా గట్టిగా నమ్మేవాళ్లు. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై, దుకాణాల బోర్డుల మీద పాత రాష్ట్రం పేరు చెరిపించి కొత్తది రాయించుకుంటున్న కాలం. భిలాయి సెక్టర్ 2 మార్కెట్లో మా చిన్నాన్నకు జిరాక్స్, బైండింగ్ దుకాణం ఉండేది. డిగ్రీ పరీక్షలు రాసేసి నేనక్కడ కంప్యూటర్ పని చూసేదాన్ని. శుభలేఖ మీద ఒకే వరుసలో మూడు రకాల అక్షరాలు వాడగలిగిన మనిషి దుర్గ్ జిల్లాలో నేనొక్కదాన్నేనని నా నమ్మకం. (అవసరం ఎవరికీ లేకపోవడం వల్లే ఒక్కదాన్ని అయ్యానని తర్వాత తెలిసింది.)

ఒకరోజు మా చర్చి పెద్ద, అందరూ ‘జర్మన్ తాత’ అని పిలిచే ఆయన, దుకాణానికి వచ్చారు. భిలాయి ఉక్కు కర్మాగారం కట్టించింది రష్యావాళ్లు గనక ఊళ్లో ముసలివాళ్లంతా రష్యావాళ్ల కథలు చెబుతుంటే, ఈయన ఒక్కరే జర్మన్ల కథలు చెప్పేవారు. వయసులో ఉండగా రూర్కెలా ఉక్కు కర్మాగారం కట్టేటప్పుడు జర్మన్ల దగ్గర ఫిట్టర్‌గా పనిచేశారట. అక్కడి సూపర్‌వైజర్ భార్య వీళ్ల ఇంట్లో చంటిపిల్లకు జబ్బు చేస్తే వచ్చి కూర్చుని, ఒక ప్రార్థన గీతం పాడేదట. ఆ పాట తాతకు మొత్తం కంఠస్థం. ఆ పాట కాక ఆయనకు వచ్చిన జర్మన్ ‘గూట్, గూట్’ ఒక్కటే, అంటే ‘బాగుంది’ అని. ముప్పై ఏళ్లుగా ఆ భాష తనకు వచ్చని సంఘం ముందు చెప్పుకుంటున్నారు గనక, ఇప్పుడు చిక్కొచ్చిపడింది.

“వచ్చే నెల మొదటాదివారం మన సర్చికి జర్మనీ నుండి ముసలావిడొకర్తి వస్తందమ్మా. పాస్టరుగారు నన్నే మాటాడమన్నారు. మాటలు రాకపోయినా ఆ పాట పాడగలను. ఆవిడ చేతిలో ఆ పాటున్న పుస్తకం పెట్టాల. లేకపోతే నానన్నదంతా అబద్ధమైపోద్ది” అన్నారు తాత.

పుస్తకం ఎక్కడుందో పాస్టరుగారే చెప్పారు. బ్రిటిష్‌వాళ్లు అమెరికాను ఏలుతున్న రోజుల్లో అక్కడ స్థిరపడిన జర్మన్ ముద్రాపకులు వేసిన చిన్న ప్రార్థనల పుస్తకమట. అక్కడి గ్రంథాలయం ఒకటి పుటలన్నీ ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. రోజూ సాయంత్రం సైబర్ కేఫ్‌కు వెళ్లి, పుట తర్వాత పుట దిగేదాకా టీ తాగుతూ కూర్చుని, ఫ్లాపీల్లో ఎక్కించుకొచ్చాను. ఒక్కో పుట పైనుంచి కిందికి చారలు చారలుగా తెర మీదకి వస్తుంటే, రెండు వందల ఏళ్ల కిందటి ఇంటికి ఎవరో నిదానంగా తలుపు తీస్తున్నట్టు ఉండేది. ఆ ముళ్లముళ్ల అక్షరాల్లో ఒక్కటీ నాకు తెలియదు. అయినా కళ్లప్పగించి చూసేదాన్ని. ఫైళ్లకు పేర్లు మాత్రం నోటికొచ్చినవి పెట్టాను: నయా, నయా పక్కా, ఫైనల్, అస్లీ ఫైనల్, మా పెద్దమ్మ కూతుళ్లందరి పేర్లు. పుటలకు అంకెలు లేవని అప్పుడు నేను గమనించలేదు.

గమనించింది ఇంకొకటి. ప్రతి పుట అడుగున, కుడి మూలలో, ఒక్క మాట ఒంటరిగా ఉంది.

“ఏటే ఇది? పేజీ అయిపోనాక మళ్లీ ఓ మాటేటి?” అన్నాడు చిన్నాన్న.

“ఏమో చిన్నాన్నా, పాతకాలం మెషీన్ కదా, గల్తీ అయ్యుంటది.”

“మన దుకానం నుండి గల్తీ ఎల్లకూడదు. తీసెయ్.”

అని, అన్ని పుటలూ ఓసారి అచ్చు తీయించి, ఎర్ర పెన్నుతో ఆ మాటలన్నిటికీ సున్నాలు చుట్టి ఇచ్చాడు. నేను వాటిని చూసుకుంటూ మౌస్‌తో ఒక్కొక్కటే తుడిచి, తుడిచినవాటినే పాతవాటి మీద భద్రపరిచాను. పని అయ్యాక ఎర్ర సున్నాల కాగితాలను చిన్నాన్న పొట్లాలకని పక్క బండి బజ్జీల దీదీకి ఇచ్చేశాడు. పుస్తకం ఎర్ర రెక్సిన్ అట్టతో ముచ్చటగా తయారైంది. తాత దాన్ని వాసన చూసి “గూట్” అన్నారు.

ఆవిడ వచ్చే ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, ఆయన మళ్లీ వచ్చారు. ముఖంలో నెత్తురు లేదు.

“పాట మజ్జలో తెగిపోనాదమ్మా. ఆ జర్మనమ్మ పుస్తకంలో సూసిన అచ్చరాలు గుర్తెట్టుకుని, కూడబలుక్కుని మా పాట పట్టుకున్నాను. పేజీ తిప్పితే అది లేదు. ఇంకేదో ఉంది.”

కంప్యూటర్ తెరిచి చూస్తే పుటలన్నీ ఇంగ్లీషు అక్షరక్రమంలో బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ముందు మా అనిత, తర్వాత ‘అస్లీ ఫైనల్’, దాని వెనక మా బేబీ. ఆ వరుసలోనే అచ్చేశాను. మళ్లీ దింపుకోవాలంటే వారాలు. నాకు ఏడుపొచ్చింది. చిన్నాన్న ఎర్ర సున్నాల కాగితాలేమైనా మిగిలాయేమో చూద్దామని చెప్పులు తొడుక్కుని బజ్జీల బండి దగ్గరికి నడిచాడు, పుస్తకం పట్టుకుని నేనూ వెనకే వెళ్లాను. అక్కడ ఒకాయన మిర్చిబజ్జీ తింటున్నాడు. ఆయన చేతి కింద కాగితంలో ఎర్ర సున్నా కనిపించింది. ఆ సున్నాలోని మాటే, నేను పట్టుకెళ్లిన పుస్తకంలో ఇంకెక్కడో ఒక పుటకి మొదటి మాట.

చాలాసేపు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. అప్పుడర్థమైంది. తర్వాత ఏ పుట రావాలో ముందు పుట చెప్పి పోతోంది. మాలాంటి వాళ్లు పుటలు తారుమారు చేస్తారని ఆ ముద్రాపకుడికి అప్పుడే తెలుసు.

దీదీ మిగిలిన కాగితాలన్నీ తెచ్చి దుకాణంలో నేల మీద పరిచింది. “పఢ్‌నా థోడీ హై బేటీ, మిలానా హీ తో హై” అంటూ తనూ కూర్చుంది. చదవక్కర్లేదు, జత కలిపితే చాలు. ఆ భాషలో ఒక్క వాక్యం చదవలేని నలుగురం, కొక్కెంలా వంగిన అక్షరాన్ని కొక్కెంతో, తోకున్నదాన్ని తోకతో జతచేస్తూ పోయాం. తాతే అందరికంటే చురుగ్గా పట్టారు. తినేసినవాళ్లతో పోయిన కాగితాల లోటును ఊహతో పూడ్చాం. చివరికి రెండు పుటలు ఎటూ ఒదగలేదు. “వెనకాల అంటించీ, ఎవులు సూస్తారు” అన్నాడు చిన్నాన్న. చీకటి పడకముందే కొత్త కుట్టు పడింది.

ఆదివారం ఆవిడ వచ్చారు. ఏదో అడిగితే తాత “గూట్” అని, పుస్తకం తెరిచి పాట ఎత్తుకున్నారు. పుట తిప్పేటప్పుడు నేనూ చిన్నాన్నా ఊపిరి బిగబట్టాం. పాట తెగలేదు. ఆవిడ తాత చెయ్యి పట్టుకుని గొంతు కలిపారు. కానీ పుస్తకం వైపు చూడటం లేదు. తర్వాత పాస్టరుగారు చెప్పారు: ఈ పాత అక్షరాలు ఆవిడకూ చదవడం రాదట, వాళ్ల అమ్మమ్మ పాడగా విన్నదట. అంటే పుటలు తప్పయినా ఆ చర్చిలో తెలిసేది ఒక్క తాతకే. ఆయన కోసమే అయినా ఆ సాయంత్రం మేం పడ్డ పాట్లు వృథా కాలేదనిపించింది.

మొన్న అదే పుస్తకం ఇంటర్నెట్‌లో కనిపించింది. ఒక్క నొక్కుకి మొత్తం దిగింది. ఇన్నేళ్లూ తలుచుకుని సిగ్గుపడ్డ ఆ రెండు పుటల కోసం వెతికాను. అవి నిజంగానే పుస్తకం చివర ఉన్నాయి, మేం అంటించిన చోటే. ఈ మాట చెబుదామంటే తాతా లేరు, చిన్నాన్నా లేడు. ఉంటే “నానప్పుడే సెప్పలేదేటి” అనేవాడు. ఆఖరి పుట అడుగున ఒంటరి మాట లేదు. వెర్రిదానిలా ఆ ఖాళీ మూలను కాసేపు చూస్తూ కూర్చున్నాను.