మునిగిన వీధిలో పీర్ల సవారీ

మా ఊరు గండికోట రిజర్వాయరు నీళ్ల కిందికి పోయినప్పటి నుంచి నాకు పండగల పిచ్చి పట్టింది. ఉగాదికి దేవుని కడప, శివరాత్రికి ఎక్కడ తిరునాళ్లు జరిగితే అక్కడ, దసరాకు ఎటూ నేనుండే ప్రొద్దుటూరే. ఇంట్లో దేవుడి కోసమని చెప్తాను. నిజానికి నేను వెతికేది మా ఊరి మొహాల కోసం. చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయిన మా వాళ్లు ఇప్పుడు కనిపించేది జనంలోనే.

అలా దసరా మెరవణి తోపులాటలో మా పాత ఎదురింటి ఓబులమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మే, పీర్ల పండక్కి రా. మా కాలనీలో ఈసారి హుసేన్ పీరును లేపుతాండారు," అంది.

వెండి పంజాకు పట్టుగుడ్డలు కట్టిన ఆ పీరు మా ఊరు ఖాళీ అయ్యాక పెట్టెలోంచి బయటికి రాలేదు. పదో రోజు సవారీలో అది ప్రతి ఇంటి ముందూ ఆగేది. ఇంటి ఆడమనిషి పీరు ఎత్తినాయన కాళ్లకు నీళ్లు పోసి, బెల్లం ఇచ్చి, నుదుట ఊదు బూడిద పెట్టించుకునేది. పెళ్లై వచ్చిన మొదటి ఏటి నుంచీ మా గడపలో ఆ నీళ్లు పోసింది నేనే. ఓబులమ్మకు కొండాపురం దగ్గర పునరావాస కాలనీలో ఇల్లు వచ్చింది. మేము ప్రొద్దుటూరుకు వచ్చేశాం కాబట్టి అక్కడ నాకు గడప లేదు. గడప లేనిదాని దగ్గర పీరు ఎందుకు ఆగుతుంది? అయినా సంచిలో బెల్లం పెట్టుకున్నాను, మా అత్త ఇత్తడి చెంబు కూడా పెట్టుకున్నాను. ఆశ చావదు కదా.

ఓబులమ్మ ఒక పని కూడా అప్పజెప్పింది. జీవితమంతా ఆ పీరును ఎత్తిన మస్తాన్ మామ ఇప్పుడు పులివెందులలో కూతురి దగ్గర ఉంటున్నాడు. రెండు కళ్లకూ పొరలు కమ్మాయి, కొడుకు కువైట్‌లో ఉన్నాడు. ఆయనను తోడుకొని రావాలి.

సవారీ రోజు పొద్దున ఆరింటికి ప్రొద్దుటూరు బస్టాండుకు పోయేసరికి పులివెందుల బస్సు నా కళ్ల ముందే కదిలిపోయింది. డ్రైవరును నాలుగు తిట్టి జమ్మలమడుగు బస్సెక్కాను. ఆడవాళ్లకు సున్నా టికెట్టు. పక్క సీటులో పూలబుట్ట పెట్టుకున్నామె అడిగింది. "యాడికి పోతాండావు మా?"

"పులివెందులకు."

"మల్ల ఈ బస్సు ఎందుకెక్కినావు? టికెట్టు లేదని ఊర్లన్నీ చూస్తాండావా?"

నవ్వు వచ్చింది. జమ్మలమడుగులో ఉగ్గాని బజ్జీ తిని, ముద్దనూరులో బస్సు మారాను. అక్కడి నుంచి ఎండిన నేల, బోర్ల కింద చీనీ తోటలు, మళ్లీ ఎండిన నేల. తొమ్మిదిన్నరకు పులివెందుల బస్టాండులో మస్తాన్ మామ తలకు పచ్చగుడ్డ చుట్టుకొని, కూతురి భుజం పట్టుకొని నిలబడి ఉన్నాడు. నేను పిలవగానే తల తిప్పాడు.

"నీ గొంతు మారలేదు పాపా. అదే అరుపు."

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ముద్దనూరు దాటి కొండాపురం దారి పట్టాక అడిగాడు. "మీ ఇంటి ముందర కానుగ మాను ఉందా?"

"నీళ్లలో ఉంది మామా."

"ఉండనీలే. అది యాడికి పోతాది."

కొండాపురంలో దిగి, ఆయన చెయ్యి పట్టుకొని కాలనీకి తీసుకుపోయాను.

ఓబులమ్మ ఇంట్లో సద్ద రొట్టె తిన్నాం. కాలనీలో వీధులన్నీ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఇళ్లు చీటీలు వేసి ఇచ్చారట, ఎవరి పక్క ఎవరు పడ్డారో వాళ్లకే అలవాటు కాలేదు. మూడింటికి తప్పెట్లు మొదలయ్యాయి. మామ పీరును భుజానికెత్తుకున్నాడు. ఇద్దరు మగపిల్లలు ఆయన రెక్క పట్టుకొని ఇంటింటి ముందూ ఆపుతున్నారు. నేను చెంబు కొంగు కింద దాచుకొని వెనక నడిచాను. పెళ్లికి పిలవని చుట్టంలా ఉంది నా పరిస్థితి.

తప్పెట్లు జోరందుకోగానే మామ వాళ్ల చేతులు విదిలించుకున్నాడు. వీధి చివర అందరూ కుడివైపు తిరిగితే ఆయన ఎడమకు తిరిగాడు. అక్కడ తుమ్మ ముళ్లు, ఎవరికీ ఇవ్వని ఖాళీ జాగా.

"మామా, ఆడ ఇండ్లు ల్యావు. ఇట్ల రా," అన్నాడొకడు.

"నడిచిన దారి నాకు తెలీదా? ఉండప్పా," అని ఆయన ముళ్ల పక్కన ఆగి పిలిచాడు. "ఓబులమ్మా, నీళ్లు తే."

ఓబులమ్మ బిత్తరపోయి, బిందె తీసుకొని ఆ ఖాళీలోకి పరిగెత్తి నీళ్లు పోసింది. మామ వెనక్కి తిరిగాడు. అప్పుడు నాకు తెలిసింది. పాత ఊర్లో ఓబులమ్మ ఇంటికి ఎదురిల్లు మాది. మామ నడుస్తున్నది కాలనీలో కాదు.

"పాపా, గడపలో ఎవురూ లేరా?"

చెప్పులు విడిచి ముళ్లలోకి పోయి నిలబడ్డాను. చెంబుతో ఆయన కాళ్లకు నీళ్లు పోశాను, బెల్లం చేతిలో పెట్టాను. ఆయన వేలు తడుముకుంటూ వచ్చి నా నుదుట బూడిద పెట్టింది. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"కానుగ నీడ తగల్లేదేంది పాపా?"

"మేకలకు కొమ్మలు కొట్టినాం మామా. మల్ల చిగురిస్తాది."

ఆయన తలూపి ముందుకు కదిలాడు. ఆ మాటతో అందరికీ అర్థమైంది. ఒక్కొక్కరే తమ బిందెలు తెచ్చుకొని, పాత ఊర్లో ఎవరి పక్కన ఎవరుండేవారో అలా ఆ బయలులో నిలబడ్డారు. ఆఖరుకు పీరును నీళ్ల దగ్గరికి తీసుకుపోయారు. నీళ్లంటే మా ఊరే.

మామను ఓబులమ్మ ఇంట్లో వదిలి సాయంత్రం బస్సెక్కాను. అరికాల్లో ముల్లు విరిగి ఉంది. ముద్దనూరు దాకా దాన్ని తీయలేదు, తీయబుద్ధి కాలేదు.

మీలో ఎవరైనా పీర్ల పండక్కి అటు పోతే, కొండాపురం దగ్గర ఆ కాలనీలో మొదటి వీధి చివరిదాకా నడిచి ఎడమకు తిరగండి. ముళ్ల పక్కన ఖాళీ జాగా ఓబులమ్మది. దానికి ఎదురుగా ఉన్నది మా ఇల్లు.