బ్లేడుతో కోసిన పేజీ

పదకొండేళ్లుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. ఒకటే కాగితం, నా చేతిరాతే. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నేను కాలువ లాకుల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. రోజూ పొద్దున్నే నీటిమట్టం చూసి రిజిస్టరులో రాయడం నా పని. అంకె తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన పొడి సంతకం పెట్టాలి. కాగితం చింపకూడదు. ఇంట్లో డైరీ కూడా ఇన్నేళ్లూ అదే పద్ధతిలో రాశాను, లాంగు నోటు పుస్తకాల్లో. ఒక్క రోజు తప్ప.

మా తమ్ముడికి ఇరవై రెండో ఏట మనసు చెదిరింది. లేని గొంతులు వినిపించేవి, లేని మనుషులు కనిపించేవారు. మందులతో కొన్ని నెలలు బాగుండేవాడు, మళ్ళీ జారిపోయేవాడు. మా ఆవిడ పోయాక ఇంట్లో మేమిద్దరమే. చెడ్డ రోజుల్లో గోడవైపు తిరిగి, నన్ను పైకి పంపేయండి, పంపేయండి అనేవాడు. అమలాపురంలో డాక్టరుగారికి చెప్పాలని అవన్నీ డైరీలో రాసేవాణ్ణి. మంచి రోజుల్లో వాడే అది తీసి చదువుకుని, ఇందులో నాకంటే కాలువకే ఎక్కువ జాగా ఉందని వేళాకోళం చేసేవాడు.

ఒకనాడు పేపర్లో చదివాను. ఏదో దేశంలో, ఎన్నాళ్లకీ నయంకాని మనసు జబ్బుతో ఉన్నవాళ్లు కోరుకుంటే, డాక్టర్లే అన్నీ విచారించి చనిపోవడానికి సాయం చేస్తారట. ఆ ముక్క కత్తిరించి డైరీలో అంటించి కింద రాశాను: 'ఇక్కడా ఉంటే బాగుండును. తమ్ముడికి విశ్రాంతి.'

ఎవరికి విశ్రాంతి? ఆ వారమంతా వాడు నిమ్మళంగానే ఉన్నాడు. పెరట్లో అరటి పిలకలు కూడా నాటాడు. అలసిపోయింది నేను. వాడు చావు కోరని రోజున, వాడి తరఫున నేను కోరాను. జాలి అనుకునే రాశానా? ఇప్పటికీ తెలియదు.

మర్నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గొంతులో కోపం లేదు.

"నిన్న నువ్వు రాసింది చదివేను అన్నయ్యా. నన్నో మాట అడగాల్సింది. అడిగితే ఏమనేవాణ్ణో నాకే తెలీదనుకో. అయినా అడగాల్సింది."

"నేనేం రాసేను? అలాంటిదేం లేదు చిన్నా. మాత్ర వేసుకున్నావా?"

లేచి లోపలికెళ్లి మాత్ర వేసుకుని పడుకున్నాడు. వాడు నిద్రపోతుండగా ఆ పేజీ బ్లేడుతో కోసి పింఛను కాగితాల మధ్య దాచాను. తర్వాతి పేజీలో అదే తేదీ వేసి మళ్ళీ రాశాను: 'ఎండ. కాలువలో నీరు సగం. తమ్ముడు కులాసా.' వాడు లేచాక నేనే పుస్తకం తెచ్చి చూపించాను.

"అయితే అదీ లేనిదేనన్నమాట," అన్నాడు.

అమలాపురం వెళ్లినప్పుడు వాడే చెప్పుకున్నాడు, ఇప్పుడు లేని రాతలు కూడా కనిపిస్తున్నాయని. డాక్టరుగారు మందు పెంచారు. పెంచిన మోతాదు పక్కనే కూర్చుని శుభ్రంగా రాసుకున్నాను.

అప్పటినుంచి వాడు తన కళ్లను నమ్మడం మానేశాడు. పొద్దున్నే వాడపల్లి ఏటిగట్టున కూర్చుంటాం. మంచు పట్టిన రోజుల్లో గోదావరికి అవతలి ఒడ్డు ఉండదు. నీరూ ఆకాశమూ ఒకటే తెలుపు. అందులోంచి ఎవరూ నడపనట్టుగా ఒక పడవ వస్తుంది. అన్నయ్యా, ఆ పడవ ఉందా అంటాడు. ఉందంటాను. ఆ కొంగ? ఉంది. వాడు తల ఊపి నమ్ముతాడు. ఒక్కోసారి ఉందని చెప్పాక, నిజంగా ఉందా అని నేనే మళ్ళీ చూస్తాను.

అలాంటి చట్టం మంచిదో చెడ్డదో తేల్చగలిగినవాణ్ణి కాను. తట్టుకోలేక అడిగేవాళ్ల బాధ గోడవైపు తిరిగిన వాడి వీపులో చూశాను. కానీ ఆ చట్టం ఇక్కడా ఉండి, ఎవరైనా విచారణకు వచ్చి ఉంటే, వరసగా తేదీలు వేసిన నా డైరీలనే నమ్మేవారు కదా? వాణ్ణి కాదు.

ఈ పొద్దున ఆ పేజీ తీసి దాని చోట అంటించాను. తర్వాతి పేజీలో 'తమ్ముడు కులాసా' మీద ఒక గీత కొట్టి పొడి సంతకం పెట్టాను. 'కాలువలో నీరు సగం' మీద కొట్టలేదు, అది నిజమే. పుస్తకం బల్ల మీద తెరిచే ఉంచాను. వాడు పెరట్లో అరటిగెల కోస్తున్నాడు. చేతులు కడుక్కుని వస్తాడు.

ఇది ఉందా అన్నయ్యా అని అడిగితే, ఉందంటాను.