ఇన్‌సాఫ్ చేతిరాత

నైలు గట్టున ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో చూపులేని పిల్లలు కొత్తగా చేరితే ముందు ఇన్‌సాఫ్‌ను వెతుక్కుంటూ వచ్చేవారు. పదిహేనేళ్లుగా వాళ్లు చెబుతుంటే పరీక్షలు రాసిపెట్టేది ఆవిడే.

"ఇక్కడెలా ఉంటుంది పిన్నీ?" అని అడిగితే చాలు, ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

"నాలుగో హాలు మెట్లలో మూడోది విరిగింది, తడిమి కాలెయ్యండి. క్యాంటీన్లో ఫూల్, అదే చిక్కుడుగింజల పులుసు, పదింటికల్లా అయిపోతుంది, తర్వాత పోసేది గిన్నె కడిగిన నీళ్లే. పాఠం రికార్డు చేసుకోనివ్వని పంతులొకాయన ఉన్నాడు, ఆయన ముందు కూచుని దీనంగా మొహం పెట్టండి!"

పిల్లలు పడీపడీ నవ్వేవారు.

విశ్వవిద్యాలయంలో చేరిన మనిషి ఇంకొకరికి పరీక్ష రాసిపెట్టకూడదన్నది నిబంధన. తెలిసినవాళ్లయితే జవాబులు తామే రాసేస్తారని భయం! పై చదువు చదవకుండా ఉండటమే ఇన్‌సాఫ్‌కు అర్హత. ఎంత దిక్కుమాలిన న్యాయమో చూడండి. అయినా వింటూ, రాస్తూ ఆవిడకు చరిత్రంతా వచ్చేసింది. నలభయ్యో ఏట ఇంట్లోనే చదివి హైస్కూలు పరీక్ష గట్టెక్కింది. ఆగస్టులో చరిత్ర శాఖలో సీటొచ్చింది. ఆ కాగితం పట్టుకుని వంటింట్లో సంతోషంతో వెక్కివెక్కి ఏడ్చింది.

సెప్టెంబరు పదో తేదీలోగా చేరాలి. నగాత్ అనే అమ్మాయికి మిగిలిన ఒకే ఒక్క పరీక్ష పన్నెండున.

"ఈసారికి ఇంకొకర్ని చూసుకోవే" అంది ఇన్‌సాఫ్.

"బాగానే ఉంది! పోయినసారి నీకు జ్వరమొస్తే వచ్చినావిడ నైలు అన్నచోటల్లా నీలం అని రాసింది. అందుకేగా తప్పాను? నీ కాళ్లు పట్టుకుంటా పిన్నీ, ఇది పాసైతే బడిలో ఉద్యోగం ఇస్తామన్నారు."

సీటొచ్చిన సంగతి ఇన్‌సాఫ్ బయటపెట్టలేదు. నోటిదాకా వచ్చిన ముద్దే ఆ సీటు. ఏడాది ఆగితే కొంపలేం మునగవులే అనుకుని చేరడం మానేసింది.

పన్నెండున, రెండో ప్రశ్న దగ్గర నగాత్ తడబడింది. "ఆ ఒప్పందం జరిగింది... జరిగింది..."

ఏ ఏడో ఇన్‌సాఫ్‌కు తెలుసు. సంతకాలు పెట్టినవాళ్లెవరో కూడా తెలుసు. పక్కనే కుర్చీ వేసుకున్న పర్యవేక్షకుడు ఆవిడ పెదవులనే చూస్తున్నాడు.

"చెప్పింది రాయమ్మా, అంతే" అన్నాడు.

చెప్పకపోతే ఏం రాస్తుంది? మూడు పేజీలు తెల్లగా మిగిలిపోయాయి.

నగాత్ తప్పింది. ఫలితాలు అంటించిన గోడ కింద కూలబడి చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని ఇన్‌సాఫ్ చెయ్యి వెతికి పట్టుకుంది.

"పోనీలే పిన్నీ, వచ్చే ఏడు మళ్లీ రాద్దాం. నువ్వెక్కడికీ పోవుగా!"

అంతలో కర్రతో నేల తట్టుకుంటూ ఒక కొత్త పిల్ల వచ్చింది. "ఇన్‌సాఫ్ పిన్ని ఎవరండీ? ఇక్కడెలా ఉంటుందో చెబుతారటగా?"

"నాలుగో హాలు మెట్లలో మూడోది విరిగింది" అంది ఇన్‌సాఫ్. క్యాంటీన్ మాట గానీ పంతులు మాట గానీ ఎత్తకుండా, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లవైపు నడిపించింది.