మూడో పేరా

2023 ఫిబ్రవరి. గుంటూరు బ్రాడీపేటలో ఒక కళ్లజోళ్ల దుకాణం పైన మా ఆఫీసు. మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు కాబట్టి పల్లెల నుంచి వచ్చే క్లయింట్ల బట్టల్లో ఘాటు ఉండేది. చెబుతూ వాళ్లు, రాసుకుంటూ నేను, ఇద్దరం తుమ్ముతూనే ఉండేవాళ్లం. అప్పటికి ఇరవై ఏళ్లుగా నేను చేసేది మోటారు యాక్సిడెంటు కేసులు. కోర్టులో నన్ను పేరుతో కాకుండా ‘యాక్సిడెంట్ల మేడం’ అనేవాళ్లు. ఆ పేరంటే నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ పనిలో ఒక కిటుకుంది. డిజెబిలిటీ సర్టిఫికెట్ అంటే మనిషికి ఎంత శాతం వైకల్యం ఉందో డాక్టర్లు ఇచ్చే కాగితం. అందులో అంకె ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ. అందుకని పిటిషన్ రాసేటప్పుడు కుంటుతున్నవాణ్ని మంచాన పడుకోబెడతాం. మంచాన ఉన్నవాడైతే మంచినీళ్లు కూడా సొంతంగా తాగలేడని రాస్తాం. అవతలి లాయరు ఎలాగూ సగానికి సగం కొట్టేస్తాడని ముందే కలుపుకొని రాయడం మాకు మామూలు. అది అబద్ధమని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ రోజుల్లోనే మస్తాన్‌బీ వచ్చింది. ప్రత్తిపాడు వైపు ఒక ఊరు. ముప్పై ఏళ్లుంటాయేమో. భర్త లేడు. కల్లాల్లో మిరపకాయలకు ముచ్చికలు, అంటే తొడిమలు తీసే కూలిపని. వెంట తొమ్మిదేళ్ల కూతురు రేష్మా. ఆ పిల్లకు మాటలు రావు, సర్టిఫికెట్లో ఆటిజం అని రాసుంది. లోపలికి వస్తూనే నా బల్ల మీది పెన్నులన్నీ తీసి ఒక్క వరసలో పేర్చింది. నేనొకటి తీసుకుంటే దాని చోటు వంక చూస్తూ కూర్చుంది.

“బళ్లోంచి తీసేశారమ్మా,” అంది మస్తాన్‌బీ. “పిల్ల గేటు దాటి సాగర్ కాలవ కట్ట మీదికి ఎల్లిపోయిందంట. ఎవరో చూసి పట్టుకొచ్చారు. ఇంక పంపొద్దని హెడ్మాస్టరు గారు చెప్పేశారు.”

“మరి నువ్వు పనికి వెళ్తే పిల్లను ఎవరు చూస్తారు?”

ఆమె తల వంచుకుంది. “మంచం కోడుకి పాత చీరతో కాలు కట్టేసి ఎల్తన్నానండి. నొప్పి పుట్టకుండానే. మజ్జానం వచ్చి అన్నం పెట్టి మళ్లీ ఎల్తా.”

ఫీజు మాటే ఎత్తకుండా కేసు తీసుకున్నాను. చట్టం మన వైపే ఉందని ధైర్యం చెప్పాను కూడా. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు దగ్గరి బడిలో గానీ ప్రత్యేక పాఠశాలలో గానీ, వాళ్లు కోరుకున్నచోట ఉచితంగా చదువుకునే హక్కుంది. ఆ హక్కు అందకపోతే ఫిర్యాదు వినడానికి ఒక అధికారి ఉంటారు. ఆయనకు పెట్టే పిటిషన్ ఆ సాయంత్రమే రాశాను.

అలవాటు పడ్డ చెయ్యి ఊరుకుంటుందా? మూడో పేరాలో ఇలా రాశాను: ‘ఈ బాలికకు ప్రమాదం అంటే ఏమిటో బొత్తిగా తెలియదు. ఒక్క క్షణం ఏమరినా ప్రాణాపాయం. ఏ పనీ స్వయంగా చేసుకోలేదు. తల్లి విధిలేక మంచానికి కట్టేసి కూలికి వెళ్లవలసి వస్తోంది.’ చదివి వినిపిస్తుంటే మస్తాన్‌బీ మధ్యలో ఆపింది.

“కట్టేసేది కూడా రాయాలామ్మా?”

“రాస్తేనే జాలి పుడుతుంది,” అన్నాను.

సంతకం పెట్టింది. లాయరు చెప్పాక ఆమె మాత్రం ఏమంటుంది?

విచారణ రోజు బడి తరఫున కౌంటర్ వచ్చింది. కౌంటర్ అంటే మన ఆరోపణలకు అవతలివాళ్లు రాసిచ్చే జవాబు. తిరగేసి చూశాను. వాళ్లు కొత్తగా ఏమీ రాయలేదు, నా మూడో పేరానే ఎత్తి రాశారు. బిడ్డకు ప్రమాదం తెలియదని, క్షణం వదలకూడదని తల్లే ఒప్పుకుంటోంది కాబట్టి మామూలు బడిలో ఉంచడం కుదరదు, దూరంగా ఉన్న ఒక వసతిగృహానికి పంపడమే బిడ్డకు క్షేమం అని. మన వేలితో మన కన్నే పొడిచారు. హెడ్మాస్టరు గారేమీ దుర్మార్గుడు కాదు. లేచి నిలబడ్డాడు. “ఆ రోజు కాలవ గట్టున పిల్లను చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు సార్. ఏదన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు?” అన్నాడు.

అధికారి నా పిటిషన్ను రెండోసారి చదివారు. “ఇది చూస్తే పిల్లకు ఇంట్లో కూడా రక్షణ లేనట్టుంది. పిల్లల సంక్షేమం చూసేవాళ్లకు రాయాలేమో ఆలోచిస్తాను,” అని రెండు వారాలు వాయిదా వేశారు.

బయట మెట్ల మీద మస్తాన్‌బీ నా కొంగు పట్టుకుంది. “పిల్లను తీసుకెల్లిపోతారామ్మా? నేను కనపడకపోతే అది అన్నం ముట్టదు.”

యాక్సిడెంటు కేసులో నేను తప్పు చేస్తే నాలుగు రూపాయలు తగ్గుతాయి. ఇక్కడ బిడ్డే పోతుంది. ఆ ముక్క నాకు అప్పుడు తెలిసింది. బస్సెక్కబోతూ ఆమె, “దాన్ని అంత దూరం పంపే కంటే…” అని ఆగిపోయింది. ఆ మిగిలిన మాట ఏమై ఉంటుందా అని బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను.

వాయిదాకు నాలుగు రోజులున్నాయనగా ఫోను చేస్తే కలవలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు పొద్దున్నే ఆటో మాట్లాడుకొని వాళ్ల ఊరు వెళ్లాను. తలుపు తాళం వేసుంది. కిటికీలోంచి చూస్తే మంచం ఉంది గానీ కోడుకి చీర లేదు. పక్కింటావిణ్ని అడిగితే, “ఇద్దరూ తెల్లారగానే కాలవ వైపు ఎల్లారండి. నాలుగు రోజుల నుంచీ కూలికి కూడా పోవట్లా,” అంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆటో అటు వెళ్లదంటే చెప్పులు చేత పట్టుకొని పత్తి చేలకు అడ్డంపడి నడిచాను. కట్ట ఎక్కాను. నేను రాసిన నాలుగు వాక్యాలు ఇద్దరు మనుషుల్ని ఇక్కడిదాకా నెట్టాయని, వాళ్లు కనిపించకపోతే ఆ తర్వాత నేను బతకలేనని గట్టిగా అనుకున్నాను. కాలవ నిండుగా పారుతోంది. కట్ట మీద ఎవరూ లేరు.

కాస్త దూరంలో, బడి దారి కాలవ దాటే తూము దగ్గర, వాళ్లు కనిపించారు. తూముకు ఇటువైపు రెండు కర్రలు పాతి, వాటి మధ్య ఒక ఎర్ర గుడ్డ కట్టి ఉంది. రేష్మా ఒంటరిగా నడుచుకుంటూ వచ్చింది. గుడ్డ దగ్గర ఠక్కున ఆగింది. వెనక చాలా దూరంలో ఉన్న తల్లి వచ్చి భుజం తట్టేదాకా అడుగు కదపలేదు. మళ్లీ వెనక్కి తీసుకెళ్లి, మళ్లీ వదిలింది. పిల్ల మళ్లీ ఆగింది.

నేను అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చేశాను. మస్తాన్‌బీ కంగారుగా వచ్చింది. ఫోనులో డబ్బులు అయిపోయాయట, అంతే.

“ఇదేమిటి, ఎలా నేర్పావు?” అని అడిగాను.

“నేర్పిందేం లేదమ్మా. చిన్నప్పుడు కల్లంలో ఎండబోసిన కాయల్లోకి దిగి, ఆ చేతులతో కళ్లు నులుముకుంది. రోజంతా ఏడ్చింది. అప్పట్నుంచీ ఎర్రగా కనబడితే దాటదు. కల్లంలో అందరి పిల్లలూ తొక్కుతారు గానీ ఇది తొక్కదు. ఆ ఎరుపే ఇక్కడ కట్టి చూశా.”

“నాకు ముందే ఎందుకు చెప్పలేదు?”

“దానికి ఏం రాదో అడిగారు గానీ, ఏం వచ్చో మీరు అడగలేదు గదమ్మా.”

వాయిదా రోజున నా జీవితంలో మొదటిసారి నా పిటిషన్ను నేనే తప్పని చెప్పాను. ఎర్ర గుడ్డ సంగతి చెప్పి, మూడో పేరా తీసేయడానికి అనుమతి అడిగితే బడి తరఫు లాయరు నవ్వాడు. “ముందు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా మేడం?” అన్నాడు. “ముందు చెప్పింది నా అలవాటండి. ఆ తల్లి చెప్పింది కాదు,” అన్నాను. నా మొహం కందిపోయింది. అయినా పర్వాలేదనిపించింది.

మాటల మీద నమ్మకం పెట్టుకోకుండా అధికారి ఒక స్పెషల్ టీచరును ఊరికి పంపారు. ఆవిడ రెండు రోజులు పిల్ల వెంట తిరిగి, గుర్తులతో చెబితే ఈ పిల్ల నేర్చుకుంటుందని రాసిచ్చింది. చివరి విచారణలో ఆయన మస్తాన్‌బీనే సూటిగా అడిగారు. “ఇప్పుడు కూడా కట్టేస్తున్నావా అమ్మా?”

“కూలికెళ్లిన రోజు కడతన్నానండి,” అందామె. “బడి తలుపు తీస్తే ఎందుకు కడతానండీ?”

అధికారి ఆ జవాబును అలాగే రాసుకున్నారు. ఉత్తర్వు ఆ రోజే వచ్చింది. పిల్లను తిరిగి చేర్చుకోవాలి, గేటుకు గడియ పెట్టించాలి, బడి వేళల్లో గేటు బాధ్యత ఒక ఆయాకు రాతపూర్వకంగా అప్పగించాలి, స్పెషల్ టీచరు వారం వారం వచ్చి చూడాలి. పిల్లల సంక్షేమం వాళ్లకు రాసే మాట అందులో లేదు. హెడ్మాస్టరు గారు కాగితం మీద సంతకం పెట్టి, “ఎర్ర గుడ్డ నేనే కొనిపెడతాలే,” అన్నాడు. ఆయన భయం పోలేదు. ఎవరి భయమూ పోలేదు. కానీ ఆ భయాన్ని పిల్ల ఒక్కదాని కాలికే కట్టడం మానేశాం.

ఇప్పుడు నా దగ్గరికి ఇలాంటి కేసులు నెలకు ఒకటో రెండో వస్తాయి. ముందు తెల్ల కాగితం తీసి, మీ బిడ్డకు ఏం వచ్చు అని అడుగుతాను. చాలామంది తల్లులు ఆ ప్రశ్నకు బిత్తరపోయి, తర్వాత చెప్పడం మొదలుపెడితే ఆపరు. ఇప్పటికీ ఆ ఊరి నుంచి ఫోను వస్తే మాత్రం నాకు ముందు కాలవే గుర్తొస్తుంది. పాత పిటిషన్ కాపీ ఒకటి నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. మూడో పేరా చుట్టూ ఎర్ర ఇంకుతో గీత గీసుంది. కొత్త పిటిషన్ రాస్తూ చెయ్యి పాత అలవాటుకు పోబోతే, ఆ గీత దగ్గర నేనూ ఆగుతాను.